యేసమ్మ తోటపని

“మిట్టమధ్యాహ్నం నీళ్లేందే యేసమ్మా! టమాట మొక్కలు ఉడ్కిపోతయ్!”

మంచం మీద నుంచే అరిచాడు దేవదాసు. కిటికీ అవతల యేసమ్మ బకెట్ వంచుతూనే ఉంది.

“పొద్దుగాల పని తెమలలే. నీళ్లు నీళ్లే గదా, ఎప్పుడు పోస్తేంది?”

దేవదాసుకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

బోధన్ చుట్టుపక్కల చెరకు లారీలు తోలినంతకాలం ఆయనకు ఒకటే కోరిక, ఇంటి పక్క ఖాళీ జాగాలో కూరగాయలు పండించాలని. లారీ దిగాక ఆ ముచ్చట తీరింది. బెండ, టమాట, గోకర, పాలకూర, పందిరి మీద ఆనపతీగ. ఆదివారం చర్చికి పోయేటప్పుడు సంచి నిండా లేత కాయలు తీసుకెళ్లి పాస్టరుగారికీ, తెలిసినవాళ్లకూ పంచేవాడు. పెళ్లాన్ని మాత్రం మడుల్లో అడుగు పెట్టనిచ్చేవాడు కాదు. “బడిల ఆయా పని చేసినదానివి, నీకేం తెలుస్తది? కాయలు తెంపుకపో, చాలు” అనేవాడు.

ఈ ఏడు చలి తగ్గుతుండగా స్కూటర్ జారి తుంటి ఎముక విరిగింది. నిజామాబాద్‌లో ఆపరేషన్ బాగానే జరిగింది. ఇంటికొచ్చాక వాకర్ పట్టుకుని లేవబోయి కూలబడ్డాడు. దెబ్బేమీ తగల్లేదు, కానీ ధైర్యం పోయింది. వాకర్ తలుపు వెనక్కి చేరింది, ఆయన మంచానికి అతుక్కున్నాడు, తోట యేసమ్మ చేతుల్లో పడింది.

ఇప్పుడు ఆయన్ని కాల్చుకు తింటున్నది ఆ ఆఖరిదే.

మర్నాడు ఉండబట్టలేక మోచేతుల మీద బలం పెట్టి తనే లేచి కూర్చున్నాడు. కిటికీలోంచి చూస్తే టమాట ఆకులు మాడి వేలాడుతున్నాయి. వాటి పక్కన ఆనపతీగ నేల మీద పాకుతోంది.

“యేసమ్మా, తీగ కిందికెట్ల వచ్చింది?”

“నేనే దించిన. పైన ఎండ కొడుతున్నది, కింద సల్లగ ఉంటదని.”

“దించినవా! పూత రాలిపోదా? వాకర్ ఇటియ్యి!”

“పడతవయ్యా” అంటూనే తెచ్చిచ్చింది.

గోడ పట్టుకుంటూ, వాకర్ జరుపుకుంటూ, తిట్టుకుంటూ గడప దాకా వచ్చాడు. “ఆ కొసను మెల్లగ ఎత్తు. తాడు గట్టిగ కట్టకు. అది తీగనే, బర్రె కాదు!” చెమటలు కారుతున్నా తీగ మళ్లీ పందిరెక్కేదాకా గడప వదల్లేదు.

వారం తిరగకుండానే యేసమ్మ సంబరంగా గుప్పెడు పచ్చని మొక్కలు పట్టుకొచ్చి చూపించింది.

“గడ్డి మొత్తం పీకేసిన సూడు.”

“ఇది గడ్డా? బెండ మొలకలే ఇవి! గరిక అట్లనే ఉన్నది గదనే మడిల!”

“నాకేమెరుక, రెండూ పచ్చగనే ఉన్నయ్.”

మళ్లీ విత్తనాలు ఈమె చేతికిస్తే ఇంకేముంది? దేవదాసు మెట్లు దిగాడు. మడి పక్కన పీట వేయించుకుని కూర్చుని, ఒక్కో గింజా తనే నాటాడు. దిగేటప్పుడు భయం గుర్తే రాలేదు. ఎక్కేటప్పుడు గుర్తొచ్చింది. అప్పటికి తప్పదు గనక ఎక్కేశాడు.

ఆ తర్వాత పొద్దున్నే తోటలోకి రావడం అలవాటైంది. బెండ మొలిచింది. ఆనపతీగకు ఆడపువ్వులు విచ్చుకున్నాయి. మగపువ్వు తెంపి వాటికి అద్దాడు. రెండు రోజులకు నూగుతో మెరుస్తూ వేలంత పిందె నిలబడింది.

“యేసమ్మా, ఇటు రా! తొందరగ!”

ఇద్దరూ పందిరి కింద నిలబడి మెడలెత్తి ఆ పిందెనే చూశారు. కోపాలన్నీ కాసేపు మరిచిపోయాడు దేవదాసు.

ఆ సంతోషం సాయంత్రం దాకా నిలవలేదు. పక్కింటి రషీదా మేక ప్రహరీ గోడ సందున కట్టిన తడిక దాటి వచ్చి పాలకూర మడిని నున్నగా మేసిపోయింది. దేవదాసు వాకర్‌ను విసురుగా ఈడ్చుకుంటూ ప్రహరీ గోడ దాకా పోయాడు.

“రషీదక్కా! నీ మేకకు తాడు లేదా?”

“క్యా కరూ భాయ్, తెంపుకున్నది. మూగ జీవి, దానికేం తెలుసు?”

“దానికి తెల్వది సరే, నీకు తెల్వదా?”

“అరె, ఆకుకూరకే గింత లొల్లా?”

మాటకు మాట పెరిగింది. యేసమ్మ మొగుణ్ణి ఆపకపోగా, గోడకు ఆనుకుని కొంగుతో ముఖం తుడుచుకుంటూ నిలబడింది. అది ఆయన్ని మరీ మండించింది.

మే చివర్లో ఒక సాయంత్రం చెరకు చేల మీదుగా గాలివాన లేచింది. పందిరి ఒక పక్కకు ఒరిగింది. దేవదాసు ఇంట్లోంచి ఒక్క ఉదుటున వచ్చి గుంజను పట్టుకున్నాడు. “తాడు తే! ఇటు లాగు! కాయ పదిలం!” వానలో తడుస్తూ మొగుడూ పెళ్లాలు పందిరిని నిలబెట్టారు. కాయ దక్కింది. గాలి తగ్గాక చూస్తే వాకర్ ఇంట్లోనే ఉంది. ఆయన నవ్వుకున్నాడు. ఎన్ని రోజులకో!

వాన వెలిశాక, పందిరి అవతలి పక్క నేలకు వంగి ఆఖరి ముడి బిగిస్తున్నాడు. తడిసిన ఆకుల చాటున ఆయన కనబడడం లేదు. గోడ మీదుగా రషీదా గొంతు వినిపించింది.

“భాయ్ లోపలికి పోయిండా?”

“పోయిండు గావచ్చు” అంది యేసమ్మ.

“వాకర్ లేకుండనే ఉరికిండు గదా! కండ్లార సూసిన.”

మేక సంగతి మళ్లీ గట్టిగా అడగాలని దేవదాసు లేవబోయాడు. అంతలో రషీదా గొంతు తగ్గించింది.

“మరి రేపు ఏం పాడు చేద్దాం యేసమ్మా?”