ఇంట్లో విన్న తెలుగు

ఉగాది ప్రోగ్రాంలోంచి చాందిని పేరు ఎగిరిపోయిందట. ఆ మాట భావనకి ఎదురు ఫ్లాట్ గౌరి చెప్పింది. గౌరికి లిఫ్టులో ఎవరో చెప్పారట. "మీ పిల్లకి తెలుగు రాదని తీసేశారంట భావనా. నాకెందుకులే గానీ" అంటూనే చెప్పాల్సిందంతా చెప్పేసి, ఇంత పెరుగు తోడుకి పట్టుకుని మరీ వెళ్లింది.

భావనకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎక్కదూ మరి! మేనేజరునీ ఆయన భార్యనీ ఉగాదికి పిలిచి కూర్చుంది. మా అమ్మాయి స్టేజీ మీద అచ్చ తెలుగులో మాట్లాడుతుందని ఆఫీసంతా టముకు వేసింది. ఇప్పుడు వాళ్లకి ఏ మొహం చూపించాలి? మొగుడు శరత్‌నీ, తొమ్మిదేళ్ల చాందినినీ వెంటేసుకుని సొసైటీ క్లబ్‌హౌస్ మీదికి దండెత్తింది.

అక్కడ హైమవతి ఆదివారం తెలుగు క్లాసు చెబుతోంది. ఆవిడ భర్త మిలిటరీలో చేసి రిటైరయ్యాడు. కంటోన్మెంటు క్వార్టర్లలో చుట్టుపక్కల పిల్లలకి చెప్పిన అలవాటుకొద్దీ నోయిడా వచ్చాక ఇక్కడి పిల్లలకీ ఊరికే చెబుతోంది. ఊరికే వచ్చేదంటే భావనకి మొదట్నించీ చిన్నచూపే.

"ఏంటి ఆంటీ ఇది? నా కూతుర్ని ఎందుకు తీసేశారు?"

పిల్లలూ, వాళ్లని దింపడానికొచ్చిన పెద్దవాళ్లూ ఒక్కసారి ఇటు తిరిగారు.

"రా అమ్మా, కూర్చో. క్లాసయ్యాక మనిద్దరం మాట్లాడుకుందాం." హైమవతి గొంతు తగ్గించింది.

"ఇదిగో, ఈ చాటుమాటు వ్యవహారమే నాకు పడదు! మా కంపెనీలో నిన్నగాక మొన్న చేరిన కుర్రాడిక్కూడా ఏం చెయ్యాలో, ఏం చేస్తే పనికొస్తాడో మొదటిరోజే క్లియర్‌గా చెప్తాం. మీకో సిలబసా, ఓ రూలా? పూర్వకాలం పంతులమ్మల చేతికిస్తే ఇంతే!"

"భావనా, ప్లీజ్..." అన్నాడు శరత్.

"నువ్వాగు."

శరత్ ఆగాడు. ఆ విద్యలో ఆయన ఆరితేరినవాడు.

"రూలు మొదటి క్లాసులోనే చెప్పానమ్మా. మీ పెద్దవాళ్ల గ్రూపులో వాయిస్ కూడా పెట్టాను," అంది హైమవతి.

"మీ వాయిస్‌లు వినే తీరిక ఎవరికుందండీ? ఇప్పుడు చెప్పండి."

హైమవతి పిల్లల వైపు తిరిగింది. "ఏరా కిరీటీ, స్టేజీ ఎక్కాలంటే ఏం చెయ్యాలన్నాను?"

కిరీటి లేచి నిక్కరు పైకి లాక్కున్నాడు. "రాసింది చూసి పఢ్నా నహీ. బట్టీ కొట్టొద్దు. ఇంట్లో రోజ్ వినే తెలుగు, విన్నది విన్నట్టు బోల్నా."

"అబ్బో! ఇంతకీ వీడేం ఉద్ధరించాడు?"

"వాళ్ల నాన్న కూరగాయల బండి దగ్గర బేరమాడే తీరు చెప్పాడు."

"వీడా! వీడి తెలుగులో తెలుగెంత? ఇలాంటి వాడు స్టేజీ ఎక్కొచ్చు గానీ, నా కూతురు ఎక్కకూడదు. దానికి తెలుగు రాదని సొసైటీ అంతా టాంటాం వేస్తారు!"

"రాదని నేననలేదు తల్లీ. వీళ్లందరిలోకీ దాని తెలుగే ధారగా ఉంటుంది."

"మరి?"

హైమవతి చెప్పబోయి మింగేసింది. "ఈ ఏడాదికి వద్దులేమ్మా. పెద్దదాన్ని, నా మాట విను."

"వినను. కారణం చెప్పలేక కదూ ఈ నసుగుడు? అందరి ముందూ ఇప్పుడే పరీక్ష పెట్టండి. మీ రూలు ప్రకారమే పెట్టండి. చాందీ, కమాన్! ఇంట్లో విన్న తెలుగు చెప్పు."

చాందిని టీచరు వంక చూసింది. తండ్రి వంక చూసింది. "సచ్ మే బోలూ, మమ్మీ?"

"బోల్! గట్టిగా, అందరికీ వినపడేట్టు!"

వెనకాలే వచ్చిన గౌరి గుమ్మంలో సర్దుకుని నిలబడింది. శరత్ మాత్రం ఎందుకో గోడవారకి జరిగాడు.

చాందిని ముందుకొచ్చి నడుం మీద చెయ్యి వేసింది. మెడ ఓ పక్కకి వాల్చి అందుకుంది.

"మీ అమ్మొచ్చి ఆర్నెల్లయింది, కదిలే ఆలోచనుందా లేదా? తిన్న కంచం తియ్యదు, నా వంటకి మాత్రం వంకలు! నువ్వేమో బెల్లం కొట్టిన రాయిలా కూర్చో!" అక్కడితో ఆగలేదు. ఇటు తిరిగి గొంతు బొంగురు చేసింది. "నోరా అది, మురిక్కాలవా? మీ తమ్ముడొచ్చి నెలల తరబడి మేసిపోతే నేనేమన్నా అన్నానా? మీ వంశమే తేరగా తినే వంశం!"

ఒక్క తడబాటు లేదు. ఒక్క హిందీ ముక్క దొర్లలేదు. విరుపులతో సహా గోదావరి జిల్లా తెలుగు గలగలా పారింది. కిరీటి చప్పట్లు కొట్టబోతే వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. హైమవతి తల దించుకుని చాక్‌పీసులు సర్దుకుంటోంది.

భావన మొహాన కత్తివాటుకి నెత్తురు చుక్క లేదు. అయినా నవ్వు పులుముకుంది.

"అలాంటివి కాదు బేబీ! మమ్మీ నిన్ను రోజూ ఎంత ముద్దు చేస్తుంది? ఆ ముద్దు మాటల్లోది ఒక్కటి తెలుగులో చెప్పు. గుడ్ గర్ల్ కదూ?"

చాందిని ఆలోచించింది. కళ్లు మూసుకుని మరీ వెతుక్కుంది.

"ముద్దు మాటలు నువ్వు ఇంగ్లీషులో కదా మమ్మీ అంటావు? మనింట్లో తెలుగు మీరు కొట్టుకోడానికేగా!"