పొద్దుటి ఆహిరి

"ఊదను సార్. పొద్దున పూట ఆహిరి నేను ఊదను."

హనుమంతప్ప నాదస్వరాన్ని గుడ్డసంచిలోకి దించేశాడు. హిందూపురం రికార్డింగు గదిలో వీణ ఆగింది. వయొలిన్లు ఆగాయి. క్లారినెట్ సగంలో నోరు మూసుకుంది. వీరేష్ మాత్రం ఘటం మీద ఇంకో రెండు దెబ్బలు వేసి, అప్పుడు సంగతి అర్థమై చేతులు తీశాడు.

ఆహిరి రాగం పొద్దున్నే పాడితే ఆ రోజు అన్నం దొరకదని సంగీతం వాళ్లలో ఒక నమ్మకం. పెనుకొండలో తాతల నాటి నుంచి పెళ్లిళ్లకు నాదస్వరం ఊదే ఇంట్లో పుట్టిన హనుమంతప్ప దాన్ని ఎన్నడూ పరీక్షించి చూడలేదు.

అద్దం అవతలి నుంచి తిమ్మరాజు లేచి వచ్చాడు. కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. శాస్త్రీయ వాద్యాలన్నిటినీ ఒకచోట చేర్చి, నవ్వు పుట్టించే పాటలతో ఆల్బం చేస్తున్నాడు. కరెంటు కోత మీద ఒక పాట, ఎన్నడూ వేళకు రాని రైలు మీద ఒక పాట. "దేవుని ముందర మోగే వాద్యాలతో ఎకసెక్కాలా?" అని ఊళ్లోని సంగీత సభ వాళ్లు తమ హాలు ఇవ్వడానికి నిరాకరించారు. ఆయన ఆ తిట్టునే పల్లవిగా పెట్టి ఇంకో పాట కట్టాడు. పత్రిక వాళ్లు వస్తే, "పాట బాగుంటే పాట గురించి రాయండి, నా గురించి వద్దు. జాలితో కొట్టే చప్పట్లు నాకు అక్కర్లేదు" అని పంపేశాడు.

ఇక రికార్డు చేయడానికి మిగిలింది ఆల్బంలోని మొదటి పాట. అది తిండి మీద. దోసె పెనం మీద చుయ్యిమనడం వయొలిన్లు. శెనక్కాయల పచ్చడి, అదే ఊరిబిండి, నూరడం ఘటం. వేడి ఓళిగ మీద నెయ్యి జారడం వీణ. అన్నం దొరకనివ్వదనే ఆహిరిలోనే దాన్ని కట్టాడు.

"తీసుకుపోతే పోవే ఆహిరీ, వాసన మాత్రం వదిలిపో" అని పల్లవి.

"శబ్దమంటే గాలి కదలికప్పా హనుమంతప్పా," అన్నాడు తిమ్మరాజు. "ఆ గాలికి నీ సంగటి ముద్ద ఏ డబ్బాలో ఉండాదో ఎట్ల తెలుస్తాది?"

"మీకు సైన్సు ఉండాది సార్. మాకు కడుపుండాది."

తిమ్మరాజు చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆ రుమాలు చూస్తేనే హనుమంతప్పకు ఒళ్లు మండేది. సాధన కోసమని ఆయన పెనుకొండలో తమ ఇంటికి ఎన్నిసార్లు రాలేదు! భార్య మారక్క కాఫీ ఇస్తే ముట్టలేదు. నీళ్లిస్తే పక్కన పెట్టాడు. "వాసన బాగుండాదమ్మా, ఏం తిరగవాత అది?" అని అడగడం, రుమాలు అడ్డం పెట్టుకోవడం, లేచి పోవడం. ఆయన గడప దాటగానే మారక్క ఆ కాఫీని మోరీలో పారబోసేది. పెద్ద కులం వాళ్లు ఎందుకు తాగరో ఆ ఇంటికి ఒకరు చెప్పాల్సిన పని లేదు. పందిట్లో అందరికన్నా ముందు కూర్చుని, బంతిలో అందరికన్నా చివర తిన్న వంశం అది.

"ఊదు తాతా," అని బతిమాలింది శ్రుతి. ధర్మవరం మగ్గాల ఇంటి పిల్ల, పాట పాడేది ఆమే. "స్టూడియో ఈ పూట వరకే మనది."

"పాడితే నీకూ దొరకదు పాపా."

"మగ్గంలో కూర్చుంటే మా నాయనకు ఏ రాగమూ లేకనే అన్నం తప్పిపోతాది. మాకు అలవాటేలే."

హనుమంతప్ప నవ్వలేదు. తిమ్మరాజు కళ్లలోకి సూటిగా చూశాడు.

"సరే, ఊదుతా. అయిపోయినాంక మా మారక్క కట్టిచ్చిన సంగటి మీరు తినాల. ఈడనే, అందరి ముందర. మీ శాస్త్రం నోటికాడనే ఉండాదో, లోపలికి దిగిండాదో సూస్తా."

వరండాలో సంచి పట్టుకుని కూర్చున్న తిమ్మరాజు భార్య గంగాదేవి లోపలికి తొంగి చూసింది.

"ముందు ఊదప్పా, తర్వాత చూద్దాం," అన్నాడు తిమ్మరాజు బొంగురు గొంతుతో.

"చూద్దాం కాదు సార్. మాటియ్యాల."

"నీ ఇంటి సంగటి నా కడుపులోకి పోతాది. మాటిస్తాండా. సరేనా?"

హనుమంతప్ప నాదస్వరం ఎత్తాడు. ఆ పొద్దు ఆహిరి ఏడవలేదు, కొమ్ములు విసిరింది. చివరి బంతి అవమానమంతా ఊపిరిలో కలిసి బయటికి వచ్చింది. శ్రుతి దాన్ని అందుకుంది. రెండోసారి వాయించాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు.

డబ్బాలు తెరుచుకున్నాయి. వీరేష్ తన పెరుగన్నాన్ని వేలితో గుచ్చి చూసి, "యాడికీ పోలేదు సార్, ఈడనే ఉండాది!" అని ప్రకటించాడు. అందరూ గొల్లుమన్నారు.

హనుమంతప్ప రాగి ముద్ద, ఊరిబిండి కంచంలో పెట్టి తెచ్చి తిమ్మరాజు ముందు నిలబడ్డాడు.

"తినండి సార్."

నవ్వులు ఆగిపోయాయి. తిమ్మరాజు కంచాన్ని ముక్కు దగ్గరికి ఎత్తుకున్నాడు. కళ్లు మూసుకుని చాలాసేపు వాసన చూశాడు. తర్వాత, వేలైనా పెట్టకుండా, కిందికి దించాడు.

"నాకు ముందే తెలుసు సార్." హనుమంతప్ప తల వంచకుండా అన్నాడు. "మీరు తినని ఇంటి నాదస్వరం మీ ఆల్బంలో ఎందుకు? తీసేయండి."

తిమ్మరాజు కంచాన్ని భార్య చేతికిచ్చి, "గంగా, ఈ పూట నీ జావ వద్దు, హనుమంతప్ప ఇంటి సంగటిని వేణ్ణీళ్లలో పల్చగా కలిపి వడగట్టుకొని రా" అంటూ, చొక్కా కింది గుండీలు విప్పి, కొన్నేళ్లుగా తన తిండంతా లోపలికి పోతున్న, పొట్టకు అమర్చిన సన్నటి గొట్టానికి మూత తీశాడు.