ఆవుగారి ఫోటో

“ఆ ఆవును అవతలికి తోలమ్మా, ఫోటో పాడవుతుంది!” హవాయి చూడవచ్చిన అమెరికా వకీలు కెమెరా వెనక నల్లగుడ్డలోంచి అరిచాడు.

పెళ్లినాటి గౌనుతో చేమమడిలో నిలబడ్డ హలియా వినలేదు. ఆవు నోటికి చెరకు ముక్క అందించింది. గట్టు మీదున్న ఆమె మొగుడు మోకెకు తల కొట్టేసినట్టయింది.

“మన చేమంతా మేసిన ఆవుకి విందొకటా? నీ సోకు తగలెయ్య!”

“నోర్ముయ్యవయ్యా, బెదురుద్ది. దొరగారూ, దాని తొడ మీద కాల్చిన ముద్ర పడుతుందా ఫోటోలో?”

“పడుతుంది. ఎవరి ముద్ర?”

“రాజుగారి బావమరిదిది. తన ఆవు మా మళ్లో దిగనే లేదని కోర్టులో ఒట్టేశాడు.”

వకీలు గుడ్డలోంచి తల బయటపెట్టాడు. “అయితే ఆవును కదలనివ్వకండి!”

మోకె ఒక్క దూకున మడిలోకి దిగాడు. “తినవే తల్లీ, తిను,” అంటూ ఇంకో చెరకుగడ విరిచాడు.