వద్దన్న దెయ్యం

"బొబ్బిలి నుంచి సోంపేట దాకా నా పేరు సెప్తే సాలు, దెయ్యాలు టికెట్టు కొనుక్కుని మరీ రైలెక్కి పారిపోతాయి, బుల్లమ్మా!" అన్నాడు భూతవైద్యుడు జగన్నాధం, ముక్కుపొడుం పీల్చి. "హాచ్ఛి! హరహరా!"

"మరి మా దేవిని పట్టినవి ఇంకా ఎక్కలేదేటి, బాబూ?"

బుల్లమ్మ ఇల్లు కొత్తవలస స్టేషను పక్కనే. కూతురు దేవికి ఇరవై నాలుగేళ్ళు. ఎవరి కళ్ళలోకీ చూడదు. పుట్టాక తన గొంతుతో ఒక్క మాటా అనలేదు. విన్న మాటని, విన్న గొంతుతోనే తిరిగి అంటుంది. ఓసారి కిరండూల్ రైలు వస్తోందని స్టేషను మైకులో ఆవిడ గొంతుతో చెబితే, సగం వీధి మూటలు నెత్తికెత్తుకుని పరిగెత్తింది. ఏదో పట్టిందన్నారందరూ. జగన్నాధాన్ని పిలిచారు.

ఆయన ప్రతి మంగళవారం తలుపేసుకుని దేవికి పూజ చేశాడు. మైకు ఆవిడ పోలేదు సరికదా, ఇంకో ఇద్దరొచ్చి చేరారు. గొణిగే మగదెయ్యం, ఏడ్చే ఆడదెయ్యం.

"ఆడదే మొండిది," అన్నాడు జగన్నాధం. "ఏటన్నా వద్దు, వద్దంటాది."

గుమ్మం బయట కూర్చునే బుల్లమ్మకి గంట మోతలోంచి ఆ 'వద్దు' సన్నగా వినిపించేది. ఎప్పుడూ విన్న గొంతు కాదు. ఊళ్ళో చచ్చిపోయిన ఆడవాళ్ళందరినీ ఒక్కొక్కరినే తలుచుకుంది. ఎవరిదీ కాదు. బియ్యం చెరుగుతున్నా అదే, నీళ్ళు తోడుతున్నా అదే.

ఈ మంగళవారం బుల్లమ్మ చెల్లెలి కూతురు రేఖ వచ్చింది. విజయనగరంలో లాయరు.

"తలుపు తీసే ఉంచండి," అంది.

"తీస్తే దెయ్యం పలకదమ్మా."

"పలక్కపోతే పోయినట్టే కదేటి?"

జగన్నాధం గంట ఎత్తాడు. దేవి గట్టిగా చెవులు మూసుకుంది. రేఖ ఆ గంట లాక్కుంది.

దేవి చెవుల మీంచి చేతులు తీసింది. దేవి నోట మగదెయ్యం పలికింది.

"కదలకు. మీ అమ్మకి సెప్పకు. నీ మాట ఎవులు నమ్ముతారే? హాచ్ఛి! హరహరా!"

ఆ వెంటనే ఆడదెయ్యం. "వద్దు. వద్దు."

బుల్లమ్మ లేచి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"బుర్ర లేనిదాని మాట కోర్టులో సెల్లదు!" అన్నాడు జగన్నాధం, గోడకి జరుగుతూ.

"సెల్తాది. తను ఎలా సెప్పగలిగితే అలాగే రాసుకుంటారు," అంది రేఖ.

జగన్నాధం చేతులు జోడించాడు. "తప్పయిపోనాది, తల్లీ. ఆ మగగొంతు నాదే."

"మరి ఆడదెయ్యం?" అంది బుల్లమ్మ. "వద్దన్నదెవులు?"

జగన్నాధం తల దించుకునే అన్నాడు.

"అది దేవి గొంతే."