ఈశాన్యం మూల

"ప్లాన్ వాట్సాప్‌లో పంపాను అంకుల్. ఏదో ఒకటి చెప్పండి, నా కొంప మునిగేలా ఉంది" అంది అక్షయ.

అవతల ఉన్నది అనంతరామయ్య. కరీంనగర్‌లో ముప్ఫై ఏళ్లు వాస్తు చూసిన మనిషి. కొడుకు శరత్‌ను చూసిపోదామని జర్మనీలోని కార్ల్స్‌రూహె వచ్చి, విమానాలు ఆగిపోవడంతో ఇరుక్కుపోయాడు. ఊరికే కూర్చోలేక, లాక్‌డౌన్‌లో ఉన్న తెలుగువాళ్లందరికీ ఫోన్లోనే వాస్తు చెబుతున్నాడు. ఎవరి మంచం ఎటు తిరగాలన్నా ఆయనే చెప్పాలి.

ఈసారి ఇల్లు మాత్రం మామూలుది కాదు. హెదర్‌కోమ్ మేనర్ అని, ఇంగ్లండ్‌లో నాలుగు వందల ఏళ్ల నాటి జమీందారీ భవనం. పైనుంచి చూస్తే ఇంగ్లిషు 'ఈ' అక్షరంలా ఉంటుంది. గోడలకు ఓకు చెక్కలు, గుర్రాలు పరిగెత్తించేంత హాలు. జర్మనీలో ఆర్కిటెక్చర్ చదువుతున్న అక్షయ థీసిస్ దాని మీదే. సరిహద్దులు మూసేయడంతో పాపం, గడప తొక్కకుండానే ఎనిమిది నెలలు ప్లాన్లతో కుస్తీ పట్టింది. ఇందులో ఒక్క కొత్త సంగతీ లేదని ప్రొఫెసర్ తేల్చేశాడు. సోమవారం వచ్చి కలవమని టెర్మిన్ ఇచ్చాడు. ఆలోపు ఏదీ దొరక్కపోతే అంశం మార్చాల్సిందే, వీసా గడువేమో ముంచుకొస్తోంది. వాస్తు అంటే పడీ పడీ నవ్వే పిల్ల, ఇవాళ గతిలేక దాన్నే పట్టుకుంది.

అనంతరామయ్య గొంతు సవరించుకున్నాడు.

"ఈశాన్యం తక్కువైంది బిడ్డా. ఆడ ఏదో మూసేసిన్రు. కొలిపియ్యి."

అంత ధీమాగా చెప్పేసరికి అక్షయ మళ్లీ ప్లాన్ ముందేసుకుంది. పై అంతస్తులో, ఈశాన్యం గది గోడ పక్కన నల్లగా పూసిన దిమ్మె ఉంది. చిమ్నీ అని రాసుంది. వందేళ్లుగా అందరూ నమ్మారు, తనూ నమ్మింది. వెంటనే ఆ భవనం చూసుకునే మార్గరెట్‌కు వీడియో కాల్ చేసి, టేపు తీసుకుని వెళ్లమని బతిమాలింది. బయటినుంచి ఇరవై నాలుగు అడుగులు. గోడల మందం నాలుగు తీసేస్తే లోపల ఇరవై ఉండాలి. పదిహేనే ఉంది. పైగా ఆ గదిలో పొయ్యే లేదు, ఇక చిమ్నీ దేనికి?

మార్గరెట్ చెక్కల మీద తట్టుకుంటూ పోతే ఒకచోట డొల్లగా మోగింది. గట్టిగా నెడితే పలక కిర్రుమంటూ జరిగింది. లోపల ఒక్క మనిషి పట్టే చీకటి గది, చిన్న బల్ల, సగం కాలిన కొవ్వొత్తి. ఆ కాలంలో కాథలిక్ మతగురువు దొరికితే ప్రాణం తీసేవారు. ఆశ్రయమిచ్చినవాళ్లు ఇలాంటి అరల్లోనే దాచేవారు. చదువుకున్న చదువంతా కళ్లముందు కనిపించేసరికి అక్షయ కుర్చీలోంచి లేచి గంతులేసింది.

ప్రొఫెసర్ ఆ కాల్ రికార్డింగును రెండుసార్లు వెనక్కి తిప్పి చూశాడు. తర్వాత టెర్మిన్ అక్కర్లేదు, రాయడం మొదలుపెట్టమన్నాడు.

అక్షయ ఆగలేక అనంతరామయ్యకు ఫోన్ చేసి ఏకబిగిన అంతా చెప్పేసింది. అంతమంది పండితులకు అందనిది మీకు ఒక్క చూపులో దొరికిందని, థీసిస్ మొదటి పేజీలో మీ పేరే వేస్తానని, ఇక వాస్తును వెక్కిరిస్తే చెంపలు వాయించమని.

అవతల మళ్లీ గొంతు సవరించుకున్న చప్పుడు.

"మంచిగైంది బిడ్డా" అన్నాడు అనంతరామయ్య చివరికి, కాస్త నసుగుతూ.

"గని నువ్వు పంపిన ప్లాన్ నాకింకా ఓపెనే కాలే."