గోలు ముందు నేల

"ఇదేటి మామ్మా, ఇక్కడ బోడిగా ఒగ్గేసినావు?"

యమున గొడుగు కిందనుంచి గోలు స్తంభాల మధ్య నేలను చూపించింది. చుట్టుపక్కలంతా గడ్డి నాటేశారు. అక్కడొక్కచోటే ఎర్రమట్టి.

ముసలామె తలెత్తలేదు. ఒడిలో గడ్డి పిలకలు సర్దుకుంది.

"అక్కడ నాను నాటలేను తల్లీ."

ఫుట్‌బాల్ క్లబ్బు తన పాత మైదానంలోనే కొత్త స్టేడియం కట్టుకుంటోంది. గడ్డి నాటడానికి పాతపట్నం చుట్టుపక్కల వరినాట్ల ఆడవాళ్లను పిలిచారు. వరిలాగే వంగి గుచ్చుతారు. పిలక ఊడకుండా ఆపైన మడమతో తొక్కుతారు.

ఆ పని చూసుకోమని పెళ్లై నెల తిరగని యమునకు అప్పగించాడు భర్త దేవేంద్ర, క్లబ్బు సెక్రటరీ. యమునకు అన్నీ ముచ్చటే. తడిమట్టి వాసన, ఆడవాళ్ల పాటలు, బావ తనకిచ్చిన మొదటి పెత్తనం.

దేవేంద్రకు మాత్రం తిరుగుడే తిరుగుడు. స్టేడియానికి చనిపోయిన తమ ఆటగాడు ధర్మేంద్ర పేరు పెడుతున్నారు. రిబ్బను అతని తల్లి చేతే కత్తిరించాలని దేవేంద్ర పంతం. కొడుకు పోయాక ఆమె ఏ ఊరు చేరిందో ఎవరికీ తెలీదు.

"అందరూ నాటుతున్నారు. నీకేటి నొప్పి?"

"నాటితే తొక్కాలి గదా తల్లీ."

"తొక్కితే?"

ముసలామె ఒడిలోంచి ఇంకో పిలక తీసుకుంది.

పక్క వరుసలోంచి కుసుమకుమారి పకపకా నవ్వింది. "రోజూ ఇదే వరసమ్మా. అక్కడికొస్తే సుట్టు తిరిగెల్తాది. దెయ్యమున్నాదేటో!"

అందరూ నవ్వారు. యమునకు నవ్వు రాలేదు. ముచ్చటైన పచ్చచీర మధ్య చిరుగులా ఉంది ఆ మట్టి. బావ చూస్తే ఏమంటాడు?

"తొక్కనోళ్లకి ఇక్కడ పని లేదు. రేపట్నుంచి రాకు."

ముసలామె ఒడిలోని పిలకలు ఒక్కటీ జారకుండా గట్టున పెట్టింది.

"పనొద్దులే. ఆట ఆడిన్నాడు గేటుకాడ నిలబడి సూస్తే ఏటీ అనరు గదా?"

"పాసున్నోళ్లనే రానిస్తారు మామ్మా."

ఆమె తలూపి, వచ్చిన దారినే వెళ్లిపోయింది. మిగిలినవాళ్లు ఆ కాస్త నేలా నాటి, చకచకా తొక్కేశారు.

వానలు పడ్డాయి. గడ్డి వేళ్లూనింది.

ఒక సాయంత్రం దేవేంద్ర బండి గేటు దగ్గర ఆగింది. యమున గాజులు గలగలలాడిస్తూ పరుగెత్తి, అతని చెయ్యి పట్టుకుని గోలు దాకా లాక్కొచ్చింది.

"సూడు బావా, ఇక్కడ కూడా ఎంత బాగా పచ్చబడ్డాదో!"

అతను చూడలేదు.

"ధర్మ తల్లి ఊరు తెలిసింది."

"నిజంగా? ఎప్పుడొస్తాది?"

"రాదు. నిన్ననే దహనం సేసేశారు."

యమున చెయ్యి జారిపోయింది.

"మనకాడికే గడ్డి నాటడానికొచ్చేదంట యమునా. నాకు తెలీనే లేదు. మనోలెవరో పొమ్మన్నారంట. ఆ దినం నుంచి ముద్ద ముట్టలేదంట."

యమున పాదాల కింద లేతగడ్డి చల్లగా తగిలింది.

"కొడుకు బంతి పట్టుకుని కుప్పకూలి పాణమొదిలిన ఈ గోలు ముందు నేలని కన్నతల్లి ఎలా తొక్కుతాదని కూడా ఆలోసించకుండా పొమ్మన్నోలెవరో, కాస్త కనుక్కో యమునా."