పాత అచ్చు

"ఆ మట్టిముద్ద అవతల పెట్టు తాతా! అచ్చు దగ్గరికి మట్టి తెస్తే చేయి నరుకుతారు, తెలుసా?"

విందిల్ అరుపుకు ముసలాయన ఉలిక్కిపడ్డాడు.

కోరియోసొలీతులనే తీరపు తెగవారి నాణేల కొలిమిలో విందిల్ కొత్త చెక్కుడు పనివాడు. తను చెక్కిన అచ్చును దొర ఆ ఉదయమే మెచ్చుకున్నాడు. ఇక ఆచారం ప్రకారం పాత అచ్చును పొద్దు వాలేలోగా పగలగొట్టాలి.

"ఆ పాత అచ్చుది ఒక్క ముద్ర, నాయనా. వెండి మీద కాదు, మట్టి మీదే."

"దొంగ నాణేలు పోసుకోవడానికా?"

ముసలాయన దుప్పటి ముడి విప్పి ఒక నాణెం చూపించాడు. దాని మీద బొమ్మే లేదు.

"తడిమి తడిమి అరగదీశాను. ఇంకోటి కోసం ఊరూరా తిరిగాను. పాతవన్నీ కరిగించేశారట."

"వెండి గీకి అమ్ముకుని, నెపం వేలి మీద వేస్తున్నావా?"

వేళాకోళం చేస్తూనే విందిల్ తన కొత్త నాణెం ఆయన అరచేతిలో పెట్టాడు. దాని మీద అలల్లా సుళ్ళు తిరిగిన జుట్టు, ఆకులాంటి ఒంటికన్ను. వెనక, మనిషి తల ఉన్న గుర్రం.

"గుర్రం ఎంత బాగా ఉరుకుతోంది!" ముసలాయన మనసారా అన్నాడు. నాణెం తిప్పి చూశాడు. "మరి ముఖం ఏదీ?"

"ముఖమెందుకు? ఆ సుళ్ళే దేవుడు. నీ పాత అచ్చులో దేవుడు పొయ్యి ముందు కూర్చున్న మనిషిలా ఉన్నాడు."

"అవును," ముసలాయన నవ్వాడు. "అచ్చం అలాగే."

విందిల్ సమ్మెట ఎత్తాడు. ముసలాయన కళ్ళు తిప్పుకోలేదు.

మూడో దెబ్బకు పాత అచ్చు రెండుగా చీలింది.

ఆయన కొత్త నాణేన్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, రేవు వైపు నడిచాడు.

వెండి కరిగించే అద్నమ నీళ్ళ కుండతో వెనక్కి చూస్తూ లోపలికి వచ్చింది.

"కసుమర్ వచ్చాడేంట్రా! గంజైనా పోశావా?"

"ఎవరు పెద్దమ్మా ఆయన?"

"ఆ పాత అచ్చు చెక్కినాయన."

విందిల్ ముక్కలు రెండూ పట్టుకుని రేవుకి పరిగెత్తాడు. ఆటు నీటితో ఆయన ఎక్కిన పడవ అప్పటికే సముద్రంలోకి వెళ్ళిపోయింది. ముక్కలు దగ్గరికి చేర్చి చూశాడు. ముఖం కలవలేదు.

రొప్పుతూ వచ్చిన అద్నమ ఆ పగులును వేలితో తడిమింది.

"దేవుడెలా ఉంటాడో నాకు తెలీదు మొర్రో అని ఆయన మొత్తుకున్నా పెద్దలు వినలేదురా, అందుకని ఆ వారమే పోయిన పెళ్ళాం ముఖం చెక్కి ఇచ్చాడు."